తాడు పట్టుకున్న పిల్లని చూడండి

రాక్ క్లైంబింగ్ జరిగే చోట అందరూ పైకే చూస్తారు. బండకు అతుక్కుపోయి, కాలికి పట్టు దొరక్క వెతుక్కుంటూ మెల్లమెల్లగా పైకి పాకుతున్న పిల్లవాడి మీదే కళ్లన్నీ. ఫోన్లన్నీ అటే తిరిగి ఉంటాయి. పిల్లలతో కొండల్లో, నీళ్లలో, అడవి దారుల్లో పనిచేసే మాలాంటివాళ్లం మాత్రం ఎక్కువసేపు కిందికి చూస్తాం. అక్కడ ఇంకో పిల్ల ఉంటుంది. నడుముకి హార్నెస్ (నడుముకీ తొడలకీ బిగించే పట్టీలు), దానికి తగిలించిన బిలే పరికరం (ఎక్కేవాళ్లు జారితే తాడు ఆగేలా చేసేది), అందులోంచి పోతున్న తాడు, ఆ తాడు కింది వైపును బిగించి పట్టుకున్న చెయ్యి. పైన ఉన్నవాడి కాలు జారితే వాణ్ని ఆపేది ఆ చెయ్యే.

ఎక్కడం మొదలుపెట్టే ముందు జంటలో ఒకరిని ఇంకొకరు తనిఖీ చేయాలి. హార్నెస్ పట్టీలు సరిగ్గా బిగించారా, ఎనిమిది ఆకారంలో వేసిన ముడిలో తాళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా జంటగా నడిచాయా, ముడి దాటి మిగిలిన తోక తగినంత పొడవుందా, బిలే కారాబినర్‌కి, అంటే ఆ పరికరాన్ని హార్నెస్‌కి తగిలించే లోహపు కొక్కేనికి, లాక్ పడిందా. లాక్‌ని కంటితో చూస్తే సరిపోదు, వేళ్లతో నొక్కి చూడాలి. ఆ తర్వాతే "బిలే ఆన్?" అని ఎక్కేవాళ్లు అడగాలి, "ఆన్" అని కిందివాళ్లు బదులివ్వాలి. ఒకసారి ఒక జంటలో ఎక్కబోయేవాడు ఆ జట్టులోకెల్లా హుషారైన కుర్రాడు. తాడు పట్టాల్సిన అమ్మాయి నాలుగు మాటలు వరుసగా మాట్లాడగా అంతవరకూ మేం వినలేదు. వాడు తొందరలో ఉన్నాడు. ఆమె ముడి మీద వేలు పెట్టి చూసి, "ఆగు. తోక పొట్టిగా ఉంది. విప్పి మళ్లీ వెయ్యి" అంది. "ఏం కాదులే, పొద్దున కూడా ఇట్లాగే వేశాగా" అన్నాడు వాడు. ఆమె వాదించలేదు. తాడు చేతిలోకి తీసుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వాడు కాసేపు చూసి, ముడి విప్పాడు.

ఆ పూట తన వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి సగం దాకా ఎక్కి దిగిపోయింది. ఫోటోల్లో ఆమె లేదు. కానీ ఆ రోజు అక్కడ నేను చూసిన ఎదుగుదల ఆమెదే. ఆమెకంటే బలమైనవాడు, అందరికీ ఇష్టమైనవాడు ఎదురుగా ఉన్నాడు. వాడి ప్రాణం నిజంగానే ఆమె చేతిలో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు కాబట్టే గొంతు వచ్చింది. వ్యక్తిత్వ వికాస తరగతిలో కూర్చోబెట్టి "ధైర్యంగా మాట్లాడాలమ్మా" అని ఎన్నాళ్లు చెబితే ఆ గొంతు వస్తుంది?

అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ తాడు దగ్గరే ఉంది. పిల్లల్ని ఎదిగించేది కొండ ఎత్తు కాదు, భయం కాదు, కష్టం కూడా కాదు. ఒక నిజమైన పని, దాని ఫలితంతో సహా వాళ్ల చేతికి అప్పజెప్పడం. పెద్దవాళ్లు పక్కనే ఉండి కూడా చేతులు పెట్టకుండా ఉండడం. ఇది లేనిచోట ఎంత గొప్ప పర్వతమైనా పిల్లలకు చూసొచ్చిన చోటుగానే మిగులుతుంది.

ఈమధ్య "అడ్వెంచర్ క్యాంప్" అనే పేరుతో నడిచేవాటిలో చాలావాటిని ఈ కొలతతో కొలిచి చూడండి. పిల్లని బస్సు దించుతుంది. ఎవరో హెల్మెట్ పెడతారు, ఎవరో హార్నెస్ తొడుగుతారు, ఎవరో కారాబినర్ తగిలిస్తారు. జిప్‌లైన్ మీద ఒక్క నిమిషం జారుతుంది, అరుస్తుంది, నవ్వుతుంది, కింద ఇంకెవరో విప్పేస్తారు. సరదా ఉంది, సరదాకి నేను వ్యతిరేకిని కాదు. కానీ ఆ రోజంతా ఆ పిల్ల తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా ఉందా? తను ఏదైనా పొరపాటు చేస్తే తేడా వచ్చే పని ఒక్కటైనా ఉందా? తన వస్తువులు తను సర్దుకోలేదు, దారి తను చూడలేదు, ఎవరి బాధ్యతా తన మీద లేదు. బ్రోచర్‌లో మాత్రం నాయకత్వం, జట్టు స్ఫూర్తి, ఆత్మవిశ్వాసం అని రాసి ఉంటుంది. సరుకును విద్య పేరుతో అమ్మడం ఇది. పిల్లలకు అందాల్సినదాన్ని తక్కువ చేసి ఇవ్వడం కూడా. నాకు కోపం వచ్చేది అక్కడే.

కష్టపెడితే పిల్లలు గట్టిపడతారనే నమ్మకం దీనికి రెండో చివర. పొద్దున్నే విజిల్, వరుసలో నిలబెట్టడం, ఆలస్యమైతే పుష్-అప్‌లు, నోరెత్తితే శిక్ష. ఇంట్లో మాట వినని పిల్లల్ని "అక్కడికి పంపితే దారికొస్తారు" అని పంపే తల్లిదండ్రులు నాకు తెలుసు. వాళ్ల బెంగ అర్థమవుతుంది. కానీ చరిత్ర ఈ విషయంలో మనకు చాలా స్పష్టమైన పాఠం చెప్పింది.

1901లో బెర్లిన్ శివారు ష్టెగ్లిట్స్‌లో వాండర్‌ఫోగెల్ అనే యువజన ఉద్యమం మొదలైంది. బడిపిల్లలు, కుర్రాళ్లు వీపున సంచులు, చేతిలో గిటార్లతో ఊళ్లు, అడవులు పట్టి నడిచేవారు. వాళ్ల జట్లను నడిపింది కూడా దాదాపు వాళ్ల ఈడువాళ్లే. వాళ్లంతా మహా ఆదర్శవాదులని నేను అనను, ఆ ఉద్యమంలో రకరకాల భావాలవాళ్లు ఉన్నారు. కానీ ఎటు వెళ్లాలో, ఎక్కడ పడుకోవాలో వాళ్లే తేల్చుకునేవారు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఇలాంటి స్వతంత్ర యువజన సంఘాలను రద్దు చేశారు, లేదా హిట్లర్ యూత్‌లో కలిపేశారు. కొత్త సంస్థ కూడా పిల్లల్ని కొండలెక్కించింది, టెంట్లలో పడుకోబెట్టింది, చలిమంటల చుట్టూ పాటలు పాడించింది. అదే అడవి, అదే వీపుసంచి, అదే చలి. ఒక్కటే మారింది. నిర్ణయం పిల్లల చేతిలోంచి పోయింది. ఆ అడవుల్లోంచి ఎలాంటి యువకులు బయటికొచ్చారో లోకం చూసింది. ప్రకృతిలో కష్టపడితే వ్యక్తిత్వం దానంతటదే వస్తుందనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి.

ఈ రంగానికి ఆద్యుడిగా చెప్పే కుర్ట్ హాన్ ఆ కాలపు మనిషే. 1886లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1920లో జర్మనీలోని సాలెమ్‌లో బడి పెట్టాడు. 1932లో తన పూర్వ విద్యార్థులకు లేఖ రాసి, హిట్లరా సాలెమా ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. మరుసటి ఏడాది అరెస్టయ్యాడు, విడుదలయ్యాక బ్రిటన్ చేరాడు, 1934లో స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ బడి మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1941లో నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్‌తో కలిసి వేల్స్ తీరంలోని అబర్‌డవీలో అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ బడిని స్థాపించాడు. ఓడలు మునిగినప్పుడు అనుభవమున్న నావికుల కంటే కుర్రవాళ్లు త్వరగా ఆశ వదులుకుంటున్నారని హోల్ట్ నమ్మాడు. వయసులో ఉన్నవాళ్లలో ఒంట్లో బలం ఉంది, "నేను గట్టెక్కగలను" అనే అనుభవం లేదు. నెల రోజుల కోర్సు పెట్టారు. పడవ నడపడం, కొండ నడక, రక్షణ పనులు. అక్కడికొచ్చినవాళ్లలో సముద్రంలోకి వెళ్లేవాళ్లే కాదు, బడిపిల్లలు, ఫ్యాక్టరీ పనివాళ్లు కూడా ఉన్నారు.

హాన్ మాటల్లో ఆనాటి బోర్డింగ్ స్కూళ్ల వాసన, మగతనం గురించిన పాత భావాలు బోలెడున్నాయి. వాటిని నేను వదిలేస్తాను. ఆయన దగ్గర తీసుకోవలసింది రక్షణ పని. ఆయన బళ్లలో కుర్రవాళ్లకు తీరరక్షణ, మంటలార్పడం లాంటి పనులు నిజంగానే అప్పజెప్పారు. మనవల్ల ఇంకొకరికి ఉపయోగం ఉంది అన్న భావన, అది కూడా నటన కాకుండా నిజంగా ఉండడం, పదహారేళ్ల పిల్లాడికి ఎంత అవసరమో ఆయనకు తెలుసు. నేటి బడుల్లో పదహారేళ్లవాడు చేసే పనంతా తన కోసమే. తన మార్కులు, తన ర్యాంకు, తన సీటు. వాడు ఈ రోజు బడికి రాకపోతే ఇంకెవరికీ ఏ పనీ ఆగదు. ఇది చాలా పెద్ద లోటు.

అదే ఏడెనిమిది మంది పిల్లలు, వారం రోజుల నడక అనుకోండి. ఒకడు స్టవ్ మోస్తాడు, ఇంకొకరు గ్యాస్, మూడోవాళ్లు టెంట్ రాడ్లు. స్టవ్ మోసేవాడు వెనకపడితే అందరికీ వంట ఆలస్యం. రాడ్ల సంచి దారిలో మర్చిపోతే రాత్రి టెంట్ నిలబడదు. ఎవరి మీదా కేకలు వేయాల్సిన పని లేదు. తడిసిన స్లీపింగ్ బ్యాగ్ ఉపన్యాసం ఇవ్వదు, పోల్చదు, ఇంటికి ఫోన్ చేసి చెప్పదు. తడిగా ఉంటుంది, అంతే. మర్నాడు పొద్దున ఆ కుర్రాడు తన బ్యాగ్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మూతి మెలిపెట్టి, మడిచి లోపలికి దోపుతాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఫలితం చిన్నదై, వెంటనే తెలిసి, సరిదిద్దుకునే వీలుంటే మనిషి ఎంత వేగంగా నేర్చుకుంటాడో ఇక్కడ కళ్లారా చూడొచ్చు. పరీక్షల చదువులో ఈ మూడూ తారుమారు. ఫలితం నెలల తర్వాత వస్తుంది, కొండంత కనిపిస్తుంది, సరిదిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

దారి చీలిన చోటు నాకు ఎప్పుడూ ఇష్టమైన చోటు. ముందు నడిచే ఇద్దరి చేతిలో మ్యాప్, కంపాస్. ఇన్‌స్ట్రక్టర్ అందరికంటే వెనక ఉంటాడు. పిల్లలు ఆగుతారు, మ్యాప్ నేల మీద పరుస్తారు. మ్యాప్‌లోని దిక్కులు నేల మీది దిక్కులతో కలిసేలా దాన్ని తిప్పాలని వాళ్లకి నేర్పాం, ఆ కంగారులో ఎవరికీ గుర్తుండదు. ఒకళ్లు ఎడమ అంటారు, ఒకళ్లు కుడి. కాసేపటికి అందరూ వెనక్కి తిరిగి మా మొహం చూస్తారు. మా పని అప్పుడే కష్టం. కనుబొమ్మ కదిలినా వాళ్లు పట్టేస్తారు. మొహంలో ఏమీ లేకుండా నీళ్ల బాటిల్ మూత విప్పుకుంటూ నిలబడాలి. వాళ్లు తప్పు దారి పట్టారు, మేం వెంట నడిచాం. ఆ దారిలో ప్రమాదం లేదని ముందే చూసి ఉంచుకున్నాం కాబట్టే నడవగలిగాం. అరగంట తర్వాత ఒక పిల్ల ఆగి, "మ్యాప్‌లో వాగు మనకి కుడిపక్క ఉండాలి కదా. చప్పుడు ఎడమ నుంచి వస్తోందేంటి?" అంది. అందరూ చెవులు రిక్కించారు. వెనక్కి నడిచేటప్పుడు కాళ్లు నొప్పులని గొణిగారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, కానీ ఆ తర్వాత ప్రతి చీలిక దగ్గరా మ్యాప్‌ని తిప్పి సరిచేశాకే మాట్లాడారు. మొదటి చీలిక దగ్గరే మేం "కుడికి" అని ఉంటే గంట మిగిలేది. ఆ గంట కోసమే కదా వాళ్లను అంత దూరం తీసుకెళ్లింది!

1977లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా మనిషికి తన సామర్థ్యం మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో వివరిస్తూ నాలుగు దారులు చెప్పాడు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేయడం చూడడం, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, తన ఒంటి స్థితిని తను అర్థం చేసుకునే తీరు. వీటన్నిటిలో బలమైనది మొదటిది. మనం పిల్లలకు ధారాళంగా ఇచ్చేది మూడోది. "నువ్వు చేయగలవు నాన్నా" అనే మాట మంచిదే, కానీ ఆ మాటకు వాడి జీవితంలో రుజువు లేకపోతే అది వాడిలో నిలవదు. పిల్లలు పొగడ్తలో నిజమెంతో ఇట్టే పసిగడతారు. తను వెలిగించిన స్టవ్, తను వేసిన ముడి, తను పట్టిన దారి అబద్ధం చెప్పవు.

ఇదంతా అనుభవం మాటున చెబుతున్న ఇష్టం కాదా అని అడగొచ్చు. అడగాలి కూడా. 1997లో జాన్ హాటీ, మరో ముగ్గురు పరిశోధకులు అడ్వెంచర్ ఎడ్యుకేషన్ మీద అప్పటిదాకా వచ్చిన 96 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. వాటిలో పాల్గొన్నవాళ్లు 12,000 మందికి పైనే. కోర్సు ముగిసేనాటికి కనిపించిన సగటు ప్రభావం 0.34, అంటే ఒక మోస్తరు. ఇందులో అబ్బురమేమీ లేదు, మామూలు చదువులోని మంచి పద్ధతులకూ ఇంత ప్రభావం ఉంటుంది. అసలు విశేషం తర్వాత జరిగింది. సాధారణంగా శిక్షణ అయిపోయాక ప్రభావం కరిగిపోతుంది. ఇక్కడ కోర్సు అయ్యాక కొన్నాళ్లకు చూస్తే ఇంకో 0.17 పెరిగింది. ఎక్కువ రోజుల కోర్సులకు ఎక్కువ ఫలితం కనిపించింది. ఒక ప్రోగ్రామ్‌కీ ఇంకోదానికీ మధ్య తేడాలు మాత్రం చాలా ఎక్కువ. ఈ చివరి మాటే నాకు ముఖ్యం. "అవుట్‌డోర్ ఎడ్యుకేషన్ పనిచేస్తుందా?" అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఏది, ఎన్నాళ్లు, ఎవరు, ఎలా అన్నదాని మీదే అంతా ఉంది.

గట్టి విమర్శ ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకుడు ఆండ్రూ బ్రూక్స్ 2003లో, కొండ మీద సహాయం చేసిన కుర్రాడు సహాయగుణం అనే లక్షణాన్ని మూటగట్టుకుని ఇంటికి తెస్తాడని అనుకోవడమే పొరపాటన్నాడు. మనుషుల ప్రవర్తనను చాలామటుకు పరిస్థితులే నడుపుతాయి. కొండ మీది పరిస్థితి వేరు, ఇంటి పరిస్థితి వేరు. ఈ విమర్శ మా రంగంలో చాలామందికి రుచించదు. నాకు ఇందులో నిజం కనిపిస్తుంది. వారం రోజులు తన సామాను తనే మోసి, తన దారి తనే చూసుకున్న పిల్ల ఇంటికి రాగానే బ్యాగ్ అమ్మ సర్దుతుంటే, ఏ కోర్సు చేరాలో నాన్న తేలుస్తుంటే, ఆ వారం ఎక్కడ నిలుస్తుంది? కొండ తప్పు కాదది. నేర్చుకున్నది వాడే చోటు లేకపోవడం. బ్రూక్స్ వాదన విని ఈ శిబిరాలు దండగ అని తీర్మానించేవాళ్లున్నారు. ఇంటినీ బడినీ కొంచెం మార్చాలని నాకు అర్థమైంది.

భయం సంగతి. ఎత్తు చూసి కాళ్లు వణికే పిల్లను చుట్టూ నిలబడి "వెళ్లు, వెళ్లు" అని అరిచి పైకి తోయడం చాలాచోట్ల చూశాను. ఏడుస్తూ పైకి వెళ్తుంది, చప్పట్లు కొడతారు, భయాన్ని జయించింది అంటారు. ఆ పిల్ల జయించింది ఏమీ లేదు, లొంగిపోయింది. నలుగురు అరిస్తే ఇష్టం లేని పని చేయాలని నేర్చుకుంది. ఆ వయసు పిల్లకి, ముఖ్యంగా ఆడపిల్లకి, అంతకన్నా ప్రమాదకరమైన పాఠం ఇంకోటి ఉందా? 1971లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలైన ప్రాజెక్ట్ అడ్వెంచర్ అనే విద్యా కార్యక్రమంలో కార్ల్ రోంకీ "ఛాలెంజ్ బై ఛాయిస్" అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఎంతదాకా వెళ్లాలో పాల్గొనేవాళ్లే తేల్చుకుంటారు. దీన్ని "ఇష్టం లేకపోతే మానెయ్" అని తేలిగ్గా తీసుకోకూడదు. ఎక్కనన్న పిల్లకు తాడు పట్టే పని ఉంటుంది, కింద నుంచి పట్టులు చూసి చెప్పే పని ఉంటుంది, రెండడుగులు ఎక్కి దిగే వీలుంటుంది. జట్టులోనే ఉంటూ తన హద్దు తను గీసుకుంటుంది. మర్నాడు ఆ హద్దును తనే జరుపుకుంటుంది, కొందరు జరుపుకోరు. రెండూ సరైనవే.

భయం పూర్తిగా లేకుండా చేయడమూ పిల్లలకు మేలు కాదు. నార్వేకి చెందిన పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ పిల్లల ఆటల్ని గమనించి, ఎత్తులు, వేగం, పదునైన పనిముట్లు, నీరు నిప్పు లాంటివి, కుస్తీ, దారి తప్పేలా ఒంటరిగా తిరగడం అని ఆరు రకాల సాహసపు ఆటలు వర్గీకరించింది. పిల్లలు వీటిని ఎవరూ చెప్పకుండానే వెతుక్కుంటారు. కొంచెం కొంచెంగా, తమ చేతిలో ఉన్న మోతాదులో. ఆ మోతాదు వాళ్ల చేతిలో ఉండాలి, అంతే.

ఇక నిజమైన ప్రమాదం. దీన్ని దాటవేస్తే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. 1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో ఎనిమిది మంది విద్యార్థులు, ఒక టీచరు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఒక అడ్వెంచర్ కేంద్రం తరఫున కయాక్‌లలో (సన్నని చిన్న పడవల్లో) బయల్దేరారు. గాలి వాళ్లను సముద్రంలోకి తోసేసింది. కయాక్‌లు మునిగాయి. అత్యవసర సంకేతాలిచ్చే ఫ్లేర్లు వెంట లేవు. వాళ్లు రావాల్సిన టైమ్ దాటి గంటలు గడిచాక గానీ కోస్ట్‌గార్డ్‌కి కబురు చేరలేదు. నలుగురు పిల్లలు చనిపోయారు. అంతకు ముందు ఆ కేంద్రంలో పనిచేసినవాళ్లు, ఇక్కడ భద్రత సరిగ్గా లేదని యాజమాన్యానికి లేఖ రాసే ఉన్నారు. 1994లో ఆ కేంద్రాన్ని నడిపిన కంపెనీకీ, దాని అధిపతికీ శిక్ష పడింది. 1995లో బ్రిటన్ ఇలాంటి కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

బాధ్యతను పిల్లల చేతికివ్వాలని వాదించే నేను ఈ సంఘటనను ఎందుకు తలుచుకుంటానంటే, బాధ్యత ఇవ్వడానికీ గాలికి వదిలేయడానికీ మధ్య ఉన్న తేడా మొత్తం పెద్దవాళ్ల కనిపించని పనిలోనే ఉంది. తాడు పట్టుకున్న పిల్ల వెనక, అదే తాడు కొసను పట్టుకుని ఇంకొకరు నిలబడతారు. తప్పు దారి పట్టనిచ్చే ముందు ఆ దారిని ఇన్‌స్ట్రక్టర్ నడిచి చూసి ఉంటాడు. ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగాలో బయల్దేరే ముందే రాసుకుంటారు, శిఖరం కనుచూపు మేరలో ఉన్నా ఆ టైమ్‌కి తిరుగుతారు. అమెరికాకు చెందిన పాల్ పెట్‌జోల్ట్ 1924లో పదహారేళ్ల వయసులో కౌబాయ్ బూట్లతో వ్యోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ శిఖరం మీదికి బయల్దేరి, తుపానులో చిక్కి చావు తప్పి బయటపడ్డాడు. తర్వాత గొప్ప పర్వతారోహకుడయ్యాడు, 1938లో ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కె2 మీదికి వెళ్లిన అమెరికన్ బృందంలో ఉన్నాడు. 1965లో ఆయన వ్యోమింగ్‌లో నోల్స్ అనే బడి పెట్టింది పిల్లలతో శిఖరాలు ఎక్కించడానికి కాదు. పిల్లల్ని తీసుకెళ్లే నాయకులకు తీర్పుశక్తి నేర్పడానికి. ఏ పని చేతనవుతుందో, ఏది చేతకాదో, ఇప్పుడు తిరగాలా ఆగాలా అని తేల్చే శక్తి. పరికరాలు కొనుక్కోవచ్చు, ఇది కొనుక్కోలేం.

రాత్రిపూట గుండ్రంగా కూర్చుని రోజంతా జరిగింది మాట్లాడుకోవడం గురించి మా రంగంలో చాలాకాలంగా వాదన నడుస్తోంది. పర్వతాలే నేర్పుతాయి, మధ్యలో మన మాటలెందుకు అనేవాళ్లు ఒకవైపు. మాట్లాడుకోకపోతే అనుభవం అనుభవంగానే పోతుందనేవాళ్లు ఇంకోవైపు. నేను రెండోవైపే ఉన్నాను, కానీ సగం దూరంలో. "ఈ రోజు మీరు ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే పిల్లలు మనకు ఏం కావాలో అదే చెబుతారు, పన్నెండేళ్లు బడిలో నేర్చింది అదేగా. "ఆ చీలిక దగ్గర నీకు అనుమానం వచ్చింది కదా, ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. కొందరికి మాటలే రావు. వాళ్లకు కాసేపు ఒంటరిగా కూర్చునే చోటు, ఒక నోటు పుస్తకం చాలు.

ఈ అవకాశం ఎవరికి అందుతోంది అన్నది నన్ను బాగా వేధించే విషయం. డబ్బున్న బడుల పిల్లలకు, ఒళ్లు తేలిగ్గా ఉన్నవాళ్లకు, మగపిల్లలకు ముందు అందుతుంది. నెలసరి రోజుల్లో ఏం చేయాలో, ఎక్కడ మార్చుకోవాలో, వాడినవి ఎలా తిరిగి మోసుకురావాలో మొదటి రోజే అందరి ముందూ మామూలుగా చెప్పని శిబిరానికి ఆడపిల్లలు ఎందుకు రావాలి? హార్నెస్ సైజులు అన్నిరకాల ఒళ్లకూ లేకపోతే కొంతమంది పిల్లలు అందరి ముందూ అవమానపడతారు. ఎత్తయిన పర్వతాలు లేకపోవడం మాత్రం అడ్డంకి కాదు. 1956లో బ్రిటన్‌లో మొదలైన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు అనే యువజన పథకంలో ప్రయాణం ఒక భాగం. కాంస్య స్థాయిలో రెండు పగళ్లు ఒక రాత్రి, స్వర్ణ స్థాయిలో నాలుగు పగళ్లు మూడు రాత్రులు. నడకే కానక్కర్లేదు, సైకిల్ మీద, పడవలో, వీల్‌చెయిర్‌లో కూడా చేయొచ్చు. దాని తొలి డైరెక్టరు జాన్ హంట్ 1953 ఎవరెస్ట్ యాత్రకు నాయకుడు. అంతటివాడు నడిపిన పథకం కూడా ఎత్తు అడగలేదు. జట్టే దారి వేసుకోవాలి, తన తిండి, టెంటు తనే మోసుకోవాలి, పెద్దవాళ్లు దూరం నుంచే చూడాలి అని అడిగింది.

అందుకే పిల్లల్ని పంపబోయే తల్లిదండ్రులు ఎక్కడికి తీసుకెళ్తారు, ఎంత ఎత్తు అని అడిగితే సగమే అడిగినట్టు. మా అమ్మాయి అక్కడ ఏమేం తనే తేల్చుకోవాలి? రోజులు గడిచేకొద్దీ ఆ పనులు పెరుగుతాయా? తను వద్దంటే ఏం చేస్తారు? వాతావరణం మారితే ఆపే అధికారం ఎవరిది, పోయిన సీజన్‌లో ఎప్పుడైనా మధ్యలో వెనక్కి తిరిగారా? ఇన్‌స్ట్రక్టర్‌కి ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా, ఎంతమంది పిల్లలకు ఒకరు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా చెప్పేవాళ్ల దగ్గరికి పంపండి. వెనక్కి తిరిగిన సందర్భం ఒక్కటీ చెప్పలేనివాళ్ల దగ్గరికి పంపకండి.

పిల్లలతో వచ్చే టీచర్లకు కూడా నాదొక విన్నపం. ఒక బడి నుంచి వచ్చిన టీచరు శిబిరంలో తన విద్యార్థుల్ని చూసి, తిరిగి వెళ్లాక తర్వాతి విహారయాత్ర ప్లాన్ మొత్తం వాళ్లకే అప్పజెప్పింది. బస్సు మాట్లాడడం, డబ్బు లెక్క, ఎవరు ఎవరితో ఉండాలి, ఒంట్లో బాగోలేనివాళ్లకు ఏర్పాటు, అన్నీ. వాళ్లు తెచ్చిన మొదటి ప్లాన్‌లో డబ్బు సరిపోలేదు, ఆమె దిద్దకుండా తిప్పి పంపింది. రెండోసారి ఒక చోటు తీసేసి లెక్క సరిచేశారు. ఎన్నింటికి బయల్దేరాలో కంటే ముందు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో రాశారు. ప్రిన్సిపల్ ఆ కాగితం చూసి, ఇది పిల్లలే రాశారా అని మూడుసార్లు అడిగాడట. ఆ బడి ఇప్పుడు ప్రతి ఏడాదీ యాత్ర ప్లాన్ పిల్లలకే ఇస్తోంది. పై తరగతివాళ్లు కింది తరగతివాళ్లకు నేర్పుతున్నారు, అందులో శిబిరానికి ఎన్నడూ రానివాళ్లు కూడా ఉన్నారు.